మిశ్రమాలు, వాటిని వేరుచేసే పద్ధతులు: తరచుగా అడిగే ప్రశ్నలు

మిశ్రమానికీ సమ్మేళనానికీ అసలు తేడా ఏమిటి?

మిశ్రమంలోని పదార్థాలు పక్కపక్కనే ఉంటాయి తప్ప ఏదీ తన గుణాన్ని వదులుకోదు. సమ్మేళనంలో పాత గుణాలు పోయి కొత్తవి వస్తాయి. పాళ్ల సంగతీ అంతే. మిశ్రమంలో ఏది ఎంతైనా కలపవచ్చు. సమ్మేళనంలో నిష్పత్తి మారదు.

దీన్ని చూపడానికి ఇనుప రజను, గంధకం చాలు. 7 గ్రాముల రజను, 4 గ్రాముల గంధకం పొడి బాగా కలిపి అయస్కాంతం తిప్పితే ఇనుము అంతా దానికి అంటుకుని వచ్చేస్తుంది. అదే పొడిని పరీక్షనాళికలో గట్టిగా వేడిచేస్తే ఒకచోట ఎర్రగా రాజుకుంటుంది. మంట తీసేసినా ఆ ఎరుపు నాళిక పొడవునా పాకుతుంది. చర్యలో పుట్టిన వేడే దాన్ని నడిపిస్తుంది. చివరకు నల్లటి ఐరన్ సల్ఫైడ్ మిగులుతుంది. సజల హైడ్రోక్లోరికామ్లం రెండు చుక్కలు వేసి చూడండి. వేడిచేయని పొడి నుంచి హైడ్రోజన్ వస్తుంది. నల్లటి ముద్ద నుంచి కుళ్లిన గుడ్ల వాసనతో హైడ్రోజన్ సల్ఫైడ్ వస్తుంది. అది విషవాయువు కాబట్టి ఈ పరీక్షను గాలిని బయటకు లాగే గూటిలోనే, చాలా తక్కువ పదార్థంతో చేయాలి.

వేడిచేశాక కూడా ముద్ద అయస్కాంతానికి అంటుకుంటోందని చాలామంది గాభరాపడతారు. రజను ముతకగా ఉన్నా, నిష్పత్తిలో ఇనుము ఎక్కువైనా కొంత చర్య జరగకుండా మిగిలిపోతుంది. అంటుకునేది ఆ మిగిలిన ఇనుమే.

సజాతీయమా, విజాతీయమా అన్నది కంటితో చూసి చెప్పవచ్చా?

ఎప్పుడూ చెప్పలేం. ఏ మూల నుంచి ఎంత తీసినా పాళ్లు ఒకేలా ఉంటే అది సజాతీయ మిశ్రమం. ఉప్పునీరు, దుమ్ములేని గాలి, రాగి జింకు కరిగించి పోసిన ఇత్తడి ఇలాంటివి. చోటును బట్టి పాళ్లు మారితే విజాతీయం. కంటిని మోసం చేసేది పాలు. చూడటానికి ఒకే తెలుపు. సూక్ష్మదర్శిని కింద పెడితే నీటిలో తేలుతున్న కొవ్వు గోళాలు విడివిడిగా కనిపిస్తాయి. అందుకే పాలు విజాతీయం.

ద్రావణం, కొల్లాయిడ్, అవలంబనం: ఈ మూడింటినీ ఎలా విడదీసి గుర్తించాలి?

కణం పరిమాణాన్ని బట్టి. ద్రావణంలో కణాలు 1 నానోమీటరు కంటే చిన్నవి, కొల్లాయిడ్‌లో సుమారు 1 నుంచి 1000 నానోమీటర్లు, అవలంబనంలో అంతకంటే పెద్దవి. కొన్ని పుస్తకాల్లో కొల్లాయిడ్ పైహద్దు 100 నానోమీటర్లని ఉంటుంది. రెండూ వాడుకలో ఉన్న హద్దులే. ప్రకృతిలో అక్కడ గోడ ఏమీ లేదు కాబట్టి ఆ అంకె గురించి వాదించుకోనక్కర్లేదు. కొల్లాయిడ్ అన్న మాటను రసాయన శాస్త్రవేత్త థామస్ గ్రాహం 1861లో వాడుకలోకి తెచ్చాడు. జంతుపొర గుండా తేలిగ్గా దాటిపోయేవాటినీ, బంకలా నిలిచిపోయేవాటినీ ఆయన విడదీసి చూశాడు.

ఆచరణలో టిండాల్ పరీక్ష చాలు. మూడు బీకర్లలో 200 మిల్లీలీటర్ల చొప్పున నీళ్లు పోయండి. ఒకదానిలో ఒక చెంచా ఉప్పు కరిగించండి. రెండోదానిలో 3, 4 చుక్కల పాలు, మూడోదానిలో చిటికెడు సుద్దపొడి కలపండి. గది చీకటి చేసి పక్కనుంచి సన్నటి కాంతి పంపండి. ఉప్పునీటిలో దారి కనబడదు. పాల చుక్కలు కలిపిన నీటిలో కాంతి దారి గీత గీసినట్టు కనిపిస్తుంది. సుద్దనీటిలోనూ కాంతి చెదురుతుంది కానీ కాసేపటికి సుద్ద అడుగుకు దిగిపోతుంది.

ఈ పరీక్ష చెడిపోయేది సాధారణంగా రెండు చోట్ల. పాలు ఎక్కువైతే బీకరంతా తెల్లగా వెలిగి గీత మాయమవుతుంది. నీళ్లలో నలకలుంటే ఉప్పునీటిలో కూడా అక్కడక్కడా మెరుపులు కనిపిస్తాయి. ఉప్పునీటిని ముందే వడపోయండి. లేజర్ కాంతి వాడితే అది ఎవరి కంట్లోనూ పడకుండా చూడాలి.

ఇన్ని పద్ధతుల్లో ఏది వాడాలో ఎలా నిర్ణయించుకోవాలి?

పద్ధతుల పేర్లు బట్టీపట్టి మొదలుపెట్టడమే పొరపాటు. ముందు ఈ ఒక్క ప్రశ్న వేసుకోండి: కలిసి ఉన్న ఈ రెండూ ఏ గుణంలో ఒకదానికొకటి బాగా దూరంగా ఉన్నాయి? జవాబు దొరికితే పద్ధతి దానంతటదే దొరుకుతుంది. రేణువు పరిమాణంలో తేడా ఉంటే జల్లెడ, వడపోత. ఒకటి నీటిలో కరిగి రెండోది కరగకపోతే కరిగించి వడకట్టడం. మరుగు స్థానాలు వేరైతే స్వేదనం, అంటే మరిగించి ఆ ఆవిరిని చల్లార్చి పట్టడం. ఒకదానితో ఒకటి కలవని ద్రవాలైతే అడుగున మర ఉన్న వేర్పాటు గరాటు. ఒకటి నేరుగా ఆవిరై మళ్లీ ఘనమయ్యేదైతే ఉత్పతనం. వేడితో ద్రావణీయత బాగా మారేదైతే స్ఫటికీకరణం. తేడా ఎంత పెద్దదైతే వేరుచేయడం అంత సులువు. తేడా చిన్నదైతే అదే పనిని చాలాసార్లు చేయాలి. అంశిక స్వేదనం (ఒకే స్తంభంలో పదేపదే జరిగే స్వేదనం), క్రోమటోగ్రఫీ (ద్రావణి, అంటే కరిగించే ద్రవం, పాకుతూ పోతుంటే దానితో పాటు నడిచే వేగంలో తేడాను బట్టి విడదీయడం) లోపల జరుగుతున్నది ఇదే.

ఇసుక, ఉప్పు, అమ్మోనియం క్లోరైడ్ మూడూ కలిసిపోతే ఏ వరుసలో వేరుచేయాలి?

ఉత్పతనం ముందు, నీళ్లు తర్వాత. వరుస తిరగబడితే పని చెడుతుంది. ముందే నీళ్లు పోస్తే ఉప్పుతో పాటు అమ్మోనియం క్లోరైడ్ కూడా కరిగిపోతుంది. అప్పుడు రెండూ ఒకే ద్రావణంలో చిక్కుకుంటాయి.

మూడూ 5 గ్రాముల చొప్పున ఉన్నాయనుకుందాం. పొడి పూర్తిగా ఆరి ఉండాలి. దాన్ని పింగాణి గిన్నెలో పలుచగా పరచి, చిన్న రంధ్రాలు చేసిన వడపోత కాగితం కప్పి, పైన గరాటు బోర్లించండి. గరాటు కాడ చివర దూదిని వదులుగా పెట్టండి, బిగించి కుక్కవద్దు. సన్నటి మంట మీద వేడిచేస్తే తెల్లటి పొగ లేచి గరాటు లోపలి గోడల మీద పొడిగా పేరుకుంటుంది. గరాటు వేడెక్కితే పొగ గడ్డకట్టకుండా దూది దాటి పోతుంది. తడిగుడ్డ గరాటు బయట చుట్టి చల్లగా ఉంచాలి. పొగ ఆగాక అంతా చల్లారనిచ్చి, అప్పుడే గరాటు ఎత్తి పొడి గోకండి.

మిగిలిన ఇసుక, ఉప్పు మీద 25 మిల్లీలీటర్ల నీళ్లు పోసి గాజుకడ్డీతో కలపండి. గది ఉష్ణోగ్రత దగ్గర 100 గ్రాముల నీటిలో 36 గ్రాముల ఉప్పు కరుగుతుంది. అంటే 5 గ్రాములకు 14 మిల్లీలీటర్లే సరిపోతాయి. మిగతావి సులువుగా పారడానికి. లీటరు నీళ్లు పోసినా ఉప్పు కరుగుతుంది కానీ తర్వాత ఆ నీళ్లన్నీ ఇగరబెట్టాల్సింది మీరే. వడకట్టాక ఇసుకను 3, 4 మిల్లీలీటర్ల నీళ్లతో రెండుసార్లు కడిగి, ఆ కడిగిన నీళ్లను కూడా ఉప్పునీటిలోనే కలపండి.

ఇంకో మాట. అమ్మోనియం క్లోరైడ్ విషయంలో జరిగేది అచ్చమైన ఉత్పతనం కాదు. వేడికి అది అమ్మోనియా, హైడ్రోజన్ క్లోరైడ్ వాయువులుగా విడిపోయి, చల్లటి చోట మళ్లీ కలుస్తుంది. చేతికొచ్చే ఫలితం ఒకటే అయినా లోపల జరుగుతున్నది వేరు. ఆ వాయువులు గొంతును మండిస్తాయి కాబట్టి గాలి ఆడే చోటే చేయాలి.

అయోడిన్ కరగకుండా నేరుగా ఆవిరవుతుందంటారు, నిజమేనా?

మెల్లగా వేడిచేస్తే అలాగే కనిపిస్తుంది. నిజానికి అయోడిన్ 114 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. ఆ లోపే ఊదారంగు ఆవిరి ధారాళంగా వస్తుంది కాబట్టి ద్రవం కంటపడదు. మంట పెంచితే నల్లటి ద్రవం స్పష్టంగా కనిపిస్తుంది.

వడపోసిన ద్రవం మసకగానే ఉంటోంది. ఎందుకు?

కాగితం గరాటుకు అతుక్కోకపోవడం, ద్రవం కాగితం అంచు దాటి పొర్లడం, లేదా కణాలు కాగితం రంధ్రాల కంటే చిన్నవి కావడం. మొదటి రెండూ చేతిలో ఉన్న పొరపాట్లు. కాగితాన్ని మడిచి గరాటులో పెట్టి ముందు నీటితో తడపండి, వేలితో అంచులు అదిమి గాలి బుడగలు తీసేయండి. ద్రవాన్ని గాజుకడ్డీ మీదుగా పోయండి. కడ్డీ కాగితం మూడు పొరలున్న వైపుకే ఆని ఉండాలి. ఒక పొర ఉన్న వైపు చినుగుతుంది. ద్రవం మట్టం కాగితం అంచుకు 1 సెంటీమీటరు కిందే ఆపండి. గరాటు కాడ చివర బీకరు గోడకు తగిలితే ద్రవం చిందకుండా, ఆగకుండా జారుతుంది. అన్నిటికంటే ముందు మురికిని కాసేపు కదపకుండా ఉంచి, పైన తేరిన ద్రవాన్ని మొదట పోసి, అడుగు మడ్డిని చివర పోయండి. ముందే మడ్డి పోస్తే రంధ్రాలు మూసుకుపోయి గంటసేపు చుక్క చుక్క చూస్తూ కూర్చోవాలి.

ఇవన్నీ చేసినా మసకగానే ఉంటే కొల్లాయిడ్ కణాలు దాటిపోతున్నట్టు. మామూలు ప్రయోగశాల కాగితం ఆపగలిగేది సుమారు 10 మైక్రోమీటర్ల కణాన్ని. కొల్లాయిడ్ కణం అందులో పదోవంతు కూడా ఉండదు.

మరి అంత సన్నని బురదను ఎలా దింపాలి?

బంకమట్టి కణాల మీద రుణావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి ఎంతసేపున్నా దిగవు. పటిక కలిపితే మూడు ధనావేశాలున్న అల్యూమినియం అయాన్లు ఆ ఆవేశాన్ని చల్లారుస్తాయి. అక్కడే అల్యూమినియం హైడ్రాక్సైడ్ జిగురులాంటి తునకలుగా ఏర్పడి మట్టిని చుట్టుకుని దిగుతుంది. పటిక వేయగానే ఒక నిమిషం వేగంగా, తర్వాత 15, 20 నిమిషాలు చాలా నెమ్మదిగా కలపాలి. మొదటిది పటిక అంతటా పాకడానికి, రెండోది తునకలు పెరగడానికి. చివరిదాకా వేగంగా కలిపితే ఏర్పడిన తునకలు విరిగిపోతాయి. పటిక ఎక్కువైతే మేలు జరగదు, కణాల మీద ధనావేశం పేరుకుని నీళ్లు మళ్లీ మసకబారవచ్చు. తేటగా కనిపించినంత మాత్రాన అందులో సూక్ష్మజీవులు లేవని అనుకోవద్దు. పటిక దింపేది మురికినే.

గొట్టాలను గిరగిరా తిప్పి కణాలను అడుగుకు దింపే అపకేంద్ర యంత్రం (సెంట్రిఫ్యూజ్) కూడా ఇదే పనిని వేగంగా చేస్తుంది. అందులో ఎదురెదురు గొట్టాలు ఒకే బరువులో ఉండాలి. మట్టం చూసి సమానం అనుకోకండి, తూచండి. తేడా ఉంటే యంత్రం అదిరిపోతుంది.

ఉప్పు, ఇసుక వేరుచేశాక మొత్తం బరువు మొదటి దానికంటే ఎక్కువొచ్చింది. ఎలా సాధ్యం?

తడి ఇంకా ఉంది. మళ్లీ వేడిచేసి, చల్లార్చి, తూచండి. వరుసగా రెండు తూకాలు ఒకేలా వచ్చేదాకా ఇలాగే చేయాలి. తక్కువొస్తే ఇగరబెట్టేటప్పుడు ఉప్పు చిట్లి బయటపడి ఉంటుంది. ద్రావణం సగం కంటే తగ్గాక నేరుగా మంట మీద ఉంచకుండా, మరుగుతున్న నీటి బీకరు మీద గిన్నె పెట్టి ఆవిరి వేడితో ఆరబెట్టండి. ఇసుక బరువు పెరిగి ఉప్పు బరువు తగ్గితే, ఇసుకను సరిగా కడగలేదని అర్థం.

ఇగరబెట్టడం సరిపోతుంది కదా, స్ఫటికీకరణం ఎందుకు?

ఇగరబెడితే కరిగి ఉన్న మలినాలు కూడా అడుగునే మిగులుతాయి. పైగా కొన్ని పదార్థాలు వేడికి తట్టుకోవు. చక్కెర మాడిపోతుంది. నీలి కాపర్ సల్ఫేట్ తన స్ఫటికంలోని 5 నీటి అణువులను వదిలి తెల్లటి పొడిగా మారుతుంది.

స్ఫటికీకరణం బలం ఎక్కడుందో పొటాషియం నైట్రేట్‌తో చూడవచ్చు. 100 గ్రాముల నీటిలో ఇది 60 డిగ్రీల దగ్గర సుమారు 110 గ్రాములు, 20 డిగ్రీల దగ్గర సుమారు 32 గ్రాములు కరుగుతుంది. ఉప్పు మాత్రం ఎంత వేడిచేసినా 36 నుంచి 39 గ్రాముల మధ్యే ఉంటుంది. 50 గ్రాముల పొటాషియం నైట్రేట్‌లో 5 గ్రాముల ఉప్పు కలిసిపోయిందనుకోండి. 60 డిగ్రీలకు కాస్త పైన 50 గ్రాముల నీటిలో అంతా కరిగించి, వేడిగా ఉండగానే వడకట్టి, 20 డిగ్రీలకు చల్లార్చండి. 50 గ్రాముల నీరు 16 గ్రాముల నైట్రేట్‌నే పట్టి ఉంచగలదు. మిగిలిన 34 గ్రాములు స్ఫటికాలవుతాయి. ఉప్పు 18 గ్రాముల దాకా కరగగలదు కాబట్టి ఆ 5 గ్రాములూ నీటిలోనే ఉండిపోతాయి. నష్టపోయింది 16 గ్రాములు. శుద్ధికి చెల్లించే మూల్యం ఇది, దాన్ని తప్పించుకోలేం. ఇంకా చల్లబరిస్తే నష్టం తగ్గుతుంది.

చల్లారినా స్ఫటికాలు రావడం లేదు. ఏం చేయాలి?

పది సార్లలో ఎక్కువ సార్లు కారణం నీళ్లు ఎక్కువ కావడమే. కొంత ఇగరబెట్టి మళ్లీ చల్లార్చండి. నీళ్లు సరిగ్గానే ఉంటే అతిసంతృప్త ద్రావణం, అంటే పట్టగలిగిన దానికంటే ఎక్కువ పదార్థం కరిగి ఉన్న ద్రావణం, అయి ఉంటుంది. మట్టానికి కాస్త దిగువన బీకరు లోపలి గోడను గాజుకడ్డీతో గీయండి, లేదా అదే పదార్థపు చిన్న స్ఫటికం ఒకటి వేయండి. తొందరపడి మంచులో ముంచేస్తే సన్నటి పొడిలా పడుతుంది, మలినాలున్న నీరు మధ్యలో ఇరుక్కుంటుంది. నెమ్మదిగా, కదపకుండా చల్లారనివ్వడమే మేలు.

స్వేదనంలో థర్మామీటర్ బల్బు ద్రవంలో ముంచాలా?

వద్దు. బల్బు పక్కగొట్టం ముఖానికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. మనకు కావలసింది అప్పుడు బయటికి వెళ్తున్న ఆవిరి ఉష్ణోగ్రత. బల్బు అంతకంటే పైన ఉంటే ఆవిరి పూర్తిగా తగలక అంకె తక్కువ చూపుతుంది.

కుప్పెను సగం నుంచి మూడింట రెండు వంతుల దాకానే నింపండి. మెరుగుపూత లేని పింగాణి ముక్కలు రెండు మూడు వేయండి. అవి లేకపోతే ద్రవం మరగకుండా వేడెక్కి ఒక్కసారిగా ఎగదన్నుతుంది. మరిచిపోయి ఉంటే మంట తీసి చల్లారాకే వేయాలి. వేడి ద్రవంలో వేస్తే ఆ క్షణమే పొంగి చేతుల మీద పడుతుంది. ఆవిరిని చల్లార్చే గొట్టమైన కండెన్సర్‌కు నీళ్లు కింద నుంచి ఎక్కి పైనుంచి బయటికి రావాలి. అప్పుడే గొట్టం పూర్తిగా నిండి ఉంటుంది. స్వేదనం చేసిన ద్రవం పడే పాత్రను గాలి చొరకుండా మూయకూడదు, లోపల పీడనం పెరిగి గాజు పగులుతుంది. కుప్పె పూర్తిగా ఎండేదాకా వేడిచేయకండి. ఆల్కహాల్, అసిటోన్ లాంటి మండే ద్రవాలకు మంట వాడకూడదు, విద్యుత్ తాపకమే వాడాలి.

అంశిక స్వేదనం ఎప్పుడు అవసరం? దానితో ఆల్కహాల్‌ను 100 శాతం శుద్ధి చేయవచ్చా?

మరుగు స్థానాల తేడా 25 డిగ్రీల లోపు ఉంటే అంశిక స్వేదన స్తంభం తప్పదు. అంతకంటే కాస్త ఎక్కువున్నా వాడితే మంచిదే. స్తంభంలోని గాజు పూసల మీద ఆవిరి గడ్డకట్టి మళ్లీ మరుగుతుంది. ప్రతిసారీ తేలికగా మరిగేది పైకి, రెండోది కిందికి. ఒకే స్తంభంలో అనేక స్వేదనాలు జరిగినట్టు.

ఇథనాల్ మాత్రం ఒకచోట మొండికేస్తుంది. బరువులో 95.6 శాతం ఇథనాల్, 4.4 శాతం నీరు ఉన్న మిశ్రమం 78.2 డిగ్రీల దగ్గర మరుగుతుంది. దాని ఆవిరిలోనూ అవే పాళ్లు ఉంటాయి. ద్రవానికీ ఆవిరికీ తేడానే లేనప్పుడు స్తంభం ఎంత పొడవున్నా లాభం లేదు. అందుకని మరో గుణాన్ని ఆశ్రయిస్తారు. 3 ఆంగ్‌స్ట్రామ్‌ల (0.3 నానోమీటర్ల) రంధ్రాలున్న జియోలైట్ అనే ఖనిజపు పూసల్లోకి నీటి అణువు దూరుతుంది, ఇథనాల్ అణువు దూరలేదు.

వేర్పాటు గరాటులో ఏ పొర నీళ్లదో ఎలా తెలుస్తుంది?

సాంద్రత చెబుతుంది. మిల్లీలీటరుకు గ్రాముల్లో చూస్తే నీటిది 1. డైఇథైల్ ఈథర్ 0.71, హెక్సేన్ 0.66 కాబట్టి నీటి మీద తేలుతాయి. క్లోరోఫాం 1.49, అది అడుగుకు దిగుతుంది. నమ్మకం కుదరకపోతే పైనుంచి ఒక చుక్క నీళ్లు వేసి ఎక్కడ కలిసిపోతుందో చూడండి. పని పూర్తయ్యేదాకా ఏ పొరనూ పారబోయవద్దు.

గరాటును మెల్లగా ఊపి, తలకిందులుగా పట్టుకుని, కాడను మనుషులు లేని వైపు తిప్పి, మర తెరిచి లోపలి పీడనం వదలండి. మొదట్లో రెండు మూడు ఊపులకొకసారి వదలాలి. కింది పొర దించే ముందు పైన మూత తీయండి. మర తెరిచినా ద్రవం దిగడం లేదంటే మూత తీయడం మరిచిపోయినట్టే. గట్టిగా ఊపితే మధ్యలో ఒక ద్రవం రెండోదానిలో సన్నటి బిందువులుగా చిక్కుకున్న తెల్లటి ఎమల్షన్ ఏర్పడి గంటల తరబడి విడిపోదు. కొద్దిగా సంతృప్త ఉప్పునీరు (ఇంక ఉప్పు కరగనంత కరిగించినది) పోసి మెల్లగా తిప్పితే తరచు విడిపోతుంది.

ద్రావణిని ఒకేసారి పోయడం మంచిదా, విడతలుగానా?

విడతలుగా. వేర్పాటు గరాటులో ద్రావణి పోసేది నీటిలో కరిగి ఉన్న పదార్థాన్ని దానిలోకి లాగడానికి. లెక్క చూడండి. నీటిలో కంటే ద్రావణిలో 4 రెట్లు ఎక్కువగా చేరే పదార్థం 100 మిల్లీలీటర్ల నీటిలో ఉంది. 100 మిల్లీలీటర్ల ద్రావణి ఒకేసారి వాడితే 20 శాతం నీటిలో మిగిలిపోతుంది. 50 చొప్పున రెండుసార్లు వాడితే 11 శాతం, 25 చొప్పున నాలుగుసార్లయితే 6 శాతం కంటే కొంచెం ఎక్కువ మిగులుతుంది. ద్రావణి అంతే, ఫలితం వేరు.

క్రోమటోగ్రఫీలో రంగులు మచ్చలుగా కాకుండా తోకలు సాగుతున్నాయి, ఎందుకు?

చుక్క పెద్దదైంది. సన్నని గొట్టంతో 2 మిల్లీమీటర్ల చుక్క పెట్టి, ఆరాక దాని మీదే మరొకటి పెట్టండి. గీత పెన్సిల్‌తోనే గీయాలి, సిరాతో గీస్తే ఆ గీత కూడా పైకి పాకుతుంది. గీత కాగితం అడుగు నుంచి 2 సెంటీమీటర్ల ఎత్తున, ద్రావణి మట్టం 1 సెంటీమీటరు ఎత్తున ఉండాలి. చుక్క ద్రావణిలో మునిగితే రంగు కాగితం ఎక్కకుండా అడుగున కరిగిపోతుంది. పాత్రకు మూత వేయండి. ద్రావణి పైఅంచుకు 1 సెంటీమీటరు దూరంలో ఉండగానే తీసి, అది చేరిన చోట వెంటనే గీత పెట్టండి, ఆరిపోతే కనపడదు.

ద్రావణి 8 సెంటీమీటర్లు, నీలం మచ్చ నడిబొడ్డు 6.4 సెంటీమీటర్లు నడిస్తే ఆర్ఎఫ్ విలువ, అంటే మచ్చ నడిచిన దూరాన్ని ద్రావణి నడిచిన దూరంతో భాగిస్తే వచ్చేది, 0.80. ఇది ఎప్పుడూ 1 దాటదు. కాగితం, ద్రావణి, ఉష్ణోగ్రత మారితే విలువ మారుతుంది. కాబట్టి పుస్తకంలోని అంకెతో పోల్చడం కంటే తెలిసిన రంగును అదే కాగితం మీద పక్కనే నడిపించడం నమ్మదగిన పని. నీటిలో చెరగని సిరాలకు నీళ్లు పనికిరావు, ఆల్కహాల్ వాడాలి.

వృక్షశాస్త్రవేత్త మిఖాయిల్ త్స్వెత్ 1900ల తొలి ఏళ్లలో ఆకు రంగులను కాల్షియం కార్బొనేట్ గొట్టంలో ఇలాగే విడదీశాడు. పదార్థం రెండు ద్రవాల మధ్య పంచుకోవడం మీద నడిచే విభజన క్రోమటోగ్రఫీకి శాస్త్రవేత్తలు మార్టిన్, సింజ్‌లకు 1952లో రసాయన నోబెల్ వచ్చింది.

గాలిలోని వాయువులను ఎలా విడదీస్తారు?

ముందు నీటి ఆవిరి, కార్బన్ డైఆక్సైడ్ తీసేస్తారు, లేకపోతే అవి గడ్డకట్టి గొట్టాలను మూసేస్తాయి. తర్వాత గాలిని ద్రవంగా మార్చి అంశిక స్వేదనం చేస్తారు. నైట్రోజన్ మైనస్ 196, ఆర్గాన్ మైనస్ 186, ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర మరుగుతాయి. నైట్రోజన్ పైకి, ఆక్సిజన్ అడుగుకు చేరతాయి. ఆర్గాన్ ఆక్సిజన్‌కు 3 డిగ్రీల దూరంలోనే ఉంది కాబట్టి దానికి విడిగా పొడవాటి స్తంభం కావాలి.

వేరుచేసింది శుద్ధమైనదో కాదో ఎలా తేల్చాలి?

ఘనమైతే ద్రవీభవన స్థానం చూడండి. శుద్ధ పదార్థం ఒకటి రెండు డిగ్రీల తేడాలోనే పూర్తిగా కరుగుతుంది. మలినం ఉంటే సాధారణంగా ముందే మొదలై, చాలా డిగ్రీల పాటు సాగుతుంది. ద్రవమైతే మరుగు స్థానం నిలకడగా ఉందో లేదో చూడాలి. కానీ అదొక్కటే చాలదు, పైన చెప్పిన ఇథనాల్, నీటి మిశ్రమం కూడా నిలకడగానే మరుగుతుంది. రంగు పదార్థమైతే క్రోమటోగ్రఫీలో ఒకే మచ్చ రావాలి. ఒక ద్రావణితో ఒకే మచ్చ వస్తే ఇంకో ద్రావణితో కూడా పరీక్షించండి, రెండు రంగులు ఒకేచోట ఆగి ఉండవచ్చు.

నీటి విషయంలో ఒక పొరపాటు పదేపదే కనిపిస్తుంది. తెల్లటి నిర్జల కాపర్ సల్ఫేట్ నీలంగా మారితే ‘శుద్ధమైన నీరు’ అని రాసేస్తారు. అది నీరు ఉందని మాత్రమే చెబుతుంది. ఉప్పునీటికీ అంతే నీలంగా మారుతుంది. శుద్ధి తేల్చాలంటే సముద్రమట్టం పీడనం దగ్గర సరిగ్గా 100 డిగ్రీల దగ్గర మరుగుతోందో లేదో చూడాలి. శుభ్రమైన గాజు పలక మీద కొన్ని చుక్కలు ఆరబెట్టి తెల్లటి మరక మిగిలిందో లేదో కూడా చూడాలి.